జిరాక్స్ షాపులో కూర్చుని సర్వర్ కాపలా: చిన్న మాస్టడాన్ సర్వర్‌కు మోడరేషన్ ఎలా చేసుకోవాలి

నల్లగొండ క్లాక్‌టవర్‌కు కొంచెం అవతల నాకొక జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పొద్దున తొమ్మిదికి షట్టర్ లేపితే ఆధార్ ప్రింట్లు, హాల్ టికెట్లు, పహాణీ నకళ్లు. మధ్యాహ్నం రెండు దాటితే గిరాకీ పలచబడుతుంది. అప్పుడు నా రెండో పని మొదలవుతుంది. ట్విట్టర్‌లా పోస్టులు పెట్టుకునే మా మాస్టడాన్ సర్వర్‌లో ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేశారో చూసి, తేల్చడం. దీన్నే మోడరేషన్ అంటారు.

మా గుంపు మొదట్లో వాట్సాప్‌లోనే ఉండేది. బత్తాయి రేటు అడిగే రైతులు, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే పిల్లలు, ముంబైలో, పుణెలో పని చేసుకునే పాలమూరు వాళ్లు. 2022 నవంబర్‌లో మునుగోడు ఉపఎన్నిక వచ్చింది. పొద్దున లేచి ఫోన్ చూస్తే కొట్లాటే. వాట్సాప్ అడ్మిన్‌గా నా చేతిలో ఉన్నవి రెండే: మెసేజ్ తీసెయ్యడం, మనిషిని తీసెయ్యడం. తీసేస్తే ఇంటి ముందుకొచ్చి అడుగుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ట్విట్టర్ చేతులు మారి మాస్టడాన్ పేరు అందరి నోటా పడింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు "అత్తమ్మా, మనమే ఒకటి పెట్టుకుందాం" అన్నాడు. పెట్టుకున్నాం. కొట్లాట కూడా మా వెంటే వచ్చింది.

కొత్తవాళ్లకు ఒక ముక్క. మాస్టడాన్ అంటే ఒక కంపెనీ వెబ్‌సైట్ కాదు. యూజెన్ రోచ్‌కో 2016లో బయటపెట్టిన సాఫ్ట్‌వేర్. ఎవరైనా తమ కంప్యూటర్ మీద నడుపుకోవచ్చు. ఇలాంటి సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి యాక్టివిటీపబ్ అనే పద్ధతి ఉంది. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ 2018లో దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. మా సర్వర్ ఖాతాతోనే వేరే దేశపు సర్వర్‌లో ఉన్నవాళ్లను కూడా అనుసరించవచ్చు. మా నియమాలు మావి, వాళ్లవి వాళ్లవి. పైన అందరికీ కలిపి ఒక పెద్ద ఆఫీసు లేదు. కాబట్టి తిట్టినవాణ్ని ఆపాల్సింది కూడా మేమే.

మొదటి పని దర్వాజ దగ్గర

అడ్మిన్ పేజీలో సర్వర్ సెట్టింగ్స్‌కు వెళ్లి రిజిస్ట్రేషన్స్‌లో "అప్రూవల్ కావాలి" అన్నది ఎంచుకోండి. ఎవరుపడితే వాళ్లు చేరేలా తెరిచి ఉంచొద్దు. మేం మొదటి వారం తెరిచి ఉంచాం. ఒక్క రాత్రిలో వచ్చిపడ్డ దొంగ ఖాతాలను చెరపడానికి నాకు ఆదివారం మొత్తం పట్టింది.

చేరేవాళ్లను ఎందుకు చేరుతున్నారో రాయమని అడిగే వీలు కూడా అక్కడే ఉంటుంది. మేం అడిగేది రెండు మాటలు: మీ ఊరేది, మా గురించి ఎవరు చెప్పారు. ఇక్కడ నేనొక తప్పు చేశాను. కనగల్ మండలం నుంచి ఒక బత్తాయి రైతు చేరడానికి వస్తే, పెట్టెలో "కనగల్" అని ఒక్క మాట రాశాడు. నిర్లక్ష్యంగా రాశాడనుకుని తిరస్కరించాను. అదే రోజు చక్కటి ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు రాసిన ఖాతాను ఒప్పుకున్నాను. అది తెల్లారేసరికి లాటరీ లింకులు పంచింది. మనవాళ్లు ముక్తసరిగా రాస్తారు. నున్నగా రాసినదాన్నే రెండోసారి చూడండి. ఆ కనగల్ అన్న ఇప్పుడు మా ముగ్గురు మోడరేటర్లలో ఒకరు.

నియమాలు మీ మాటల్లో రాసుకోండి

సర్వర్ నియమాలకు వేరే పేజీ ఉంది. చాలామంది అక్కడ "మర్యాదగా ఉండండి" అని ఒక లైను పడేసి వదిలేస్తారు. దానివల్ల ఉపయోగం లేదు. ఎందుకంటే ఎవరైనా ఒక పోస్టు మీద ఫిర్యాదు చేసేటప్పుడు, ఏ నియమం తప్పారో ఈ జాబితా నుంచే ఎంచుకుంటారు. జాబితా ఎంత స్పష్టంగా ఉంటే మీ పని అంత తేలిక.

మావి ఏడు నియమాలు. అన్నీ ఇక్కడ రాయను గానీ, రెండింటి కథ చెప్పాలి. మొదటిది తిట్ల గురించి. మా దగ్గర "నీ యవ్వ, ఏం ఎండలురా" అంటే అది ఎవరినీ తిట్టినట్టు కాదు, ఎండను తిట్టినట్టు. గుంటూరు వైపు నుంచి చేరిన ఒకాయన అలాంటి పోస్టుల మీద వరుసగా ఫిర్యాదులు పెట్టాడు. ఆయన తప్పూ కాదు, ఆయన చెవికి అది బూతే. చివరికి నియమం ఇలా మార్చాం: "మాట కాదు, ఆ మాట ఎవరి మీదికి పోతుందో చూస్తాం. ఎదుటి మనిషిని, వాళ్ల ఇంటివాళ్లను పట్టుకుని అంటే తీసేస్తాం." రెండోది కులం గురించి. కులం పేరు చెప్పుకోవడం తప్పు కాదు, కులం పేరుతో కించపరచడం తప్పు అని ఉదాహరణతో సహా రాశాం. రాసినా ఒకసారి బోల్తాపడ్డాం. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు, ఆధార్ ఫొటోలు పెట్టడం మీద తప్పనిసరిగా ఒక నియమం ఉండాలి. ప్రైవేటుగా పంపుకునే సందేశాలు కూడా మాస్టడాన్‌లో తాళం వేసి ఉండవు, సర్వర్ నడిపేవాళ్లు తలుచుకుంటే డేటాబేస్‌లో చదవగలరు. ఈ మాట మీ వాళ్లకు ముందే చెప్పండి. నేను చెప్తే సగంమంది మొహాలు మాడ్చుకున్నారు, అయినా చెప్పడమే న్యాయం.

మనుషులు ముగ్గురైనా ఉండాలి

ఒక్కరే మోడరేటర్ అయితే నెలలోనే విసుగొస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు, ఆ ఒక్కరి బంధువు మీద ఫిర్యాదు వస్తే ఏం చేస్తారు? మేం ముగ్గురం: నేను, కనగల్ అన్న, మహబూబ్‌నగర్‌లో సర్కారు బడిలో చెప్పే ఒక టీచరమ్మ. మేనల్లుడు సర్వర్ మరమ్మతు చూస్తాడు, మనిషి తక్కువైతే రిపోర్టులకూ వస్తాడు. పెట్టుకున్న కట్టుబాటు ఒకటే. మన చుట్టం, మన పార్టీ, మన కులం వాళ్ల గొడవైతే మనం చెయ్యి పెట్టం, రిపోర్టులో "ఇది నాకొద్దు" అని నోట్ రాసి వదిలేస్తాం.

మాస్టడాన్ 4.0 నుంచి రోల్స్ మనమే తయారుచేసుకోవచ్చు. ఏ రోల్‌కు ఏ అధికారాలో టిక్కులు పెట్టి ఇవ్వాలి. కొత్త మోడరేటర్‌కు రిపోర్టులు చూసే అధికారం చాలు. మొత్తం అడ్మిన్ తాళం చెవి ఇవ్వకండి. అందరూ రెండంచెల లాగిన్ పెట్టుకోవాలి. షాపులో కస్టమర్లు వాడే కంప్యూటర్లో నేను ఎప్పుడూ మోడరేటర్ ఖాతా తెరవను. ఇది మామూలు జాగ్రత్తే గానీ, రాయకపోతే ఎవరో ఒకరు చేస్తారు.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మేం ఎవరం రిపోర్టులు చూడం. ఈ సంగతి సర్వర్ గురించి చెప్పే పేజీలోనే రాసిపెట్టాం.

ఫిర్యాదు వచ్చింది, ఇప్పుడేం చేయాలి

మొదట ఆ పోస్టు ఒక్కటే చదివి నిర్ణయం చేయకండి. దానికి ముందున్న సంభాషణ పైదాకా వెళ్లి చదవండి. చాలాసార్లు తిట్టినవాడు కనిపిస్తాడు, గిల్లినవాడు నాలుగు పోస్టుల పైన ఉంటాడు. చదివాక రిపోర్టును మీ పేరు మీద వేసుకోండి, దానికి బటన్ ఉంది. లేకపోతే ఇద్దరు ఒకేసారి చెరో రకంగా తీర్పు చెప్తారు. మాకు అయింది. టీచరమ్మ హెచ్చరిక పంపిన మనిషికి అరగంటలో నేను "ఫిర్యాదులో విషయం లేదు" అని చెప్పాను. ఆ మనిషి రెండూ స్క్రీన్‌షాట్ తీసి అందరికీ చూపించాడు.

తర్వాత ఏ బటన్ ఒత్తాలన్నది. చిన్నదాని నుంచి పెద్దదానికి పోవాలి.

హెచ్చరిక అంటే ఒక ఉత్తరం మాత్రమే, ఖాతాకు ఏమీ కాదు. మేం హెచ్చరికలు నాలుగైదు రకాలు ముందే రాసి దాచుకున్నాం, సెట్టింగ్స్‌లో అందుకు చోటుంది. కోపంలో అప్పటికప్పుడు రాస్తే మన భాష కూడా వాళ్ల భాషలాగే తయారవుతుంది.

ఫొటో ఇబ్బందికరంగా ఉంటే దాన్ని "సెన్సిటివ్" అని గుర్తుపెట్టొచ్చు. నొక్కితే గానీ కనిపించదు. రోడ్డు ప్రమాదాల ఫొటోలకు మేం ఎక్కువగా వాడేది ఇదే.

లిమిట్ చేస్తే ఆ మనిషి రాసుకోవచ్చు గానీ, అనుసరించేవాళ్లకు తప్ప బయటివాళ్లకు అది ఎదురుపడదు. బజారులో మైకు తీసేసి, ఇంట్లో మాట్లాడుకో అన్నట్టు. నా అనుభవంలో బాగా పనిచేసేది ఈ ఒక్కటే. వాడికి ఊరేగింపు ఉండదు, మనకు లొల్లి ఉండదు.

ఫ్రీజ్ అంటే ఖాతా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, వాడలేరు. ఖాతా ఎవరో దొంగిలించారని అనుమానం వస్తే ముందు ఇది చేయండి. ఒక రైతు ఖాతా నుంచి రైతు భరోసా పేరుతో దొంగ లింకులు రావడం మొదలైతే, ఆయన తప్పు లేదని తెలిసినా ఫ్రీజ్ చేశాం. ఆయనకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ మార్పించాక తెరిచాం. లింకు నొక్కి అప్పటికే పైసలు పోగొట్టుకున్నవాళ్లుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమనండి. అది మన చేతిలో తేలే పని కాదు.

సస్పెండ్ చివరిది. ఖాతా, పోస్టులు అన్నీ మాయమవుతాయి. ముప్పై రోజుల లోపల మనసు మార్చుకుంటే వెనక్కి తేవచ్చు, ఆ తర్వాత సమాచారం తుడిచిపెట్టుకుపోతుంది.

పోస్టు తీసెయ్యడం గురించి కూడా తెలుసుకోండి. మన దగ్గర తీసేస్తే, తీసెయ్యమని వేరే సర్వర్లకు కబురు పోతుంది. వాళ్లు తీశారో లేదో మన చేతిలో లేదు. బెదిరింపు, కులదూషణ లాంటివి రేపు పోలీసుల దాకా పోవచ్చు కాబట్టి తీసే ముందు లింకు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ దాచండి. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. పిల్లలకు సంబంధించిన అశ్లీల చిత్రమైతే దాచొద్దు, ఇంకో మోడరేటర్‌కు "ఇది చూడు" అని కూడా పంపొద్దు. కేంద్ర ప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వెంటనే ఫిర్యాదు చేసి, వాళ్లు చెప్పినట్టు నడవండి.

వేరే సర్వర్ నుంచి వచ్చే గలీజు

మీ సభ్యుడు బయటి సర్వర్‌లోని మనిషి మీద ఫిర్యాదు చేసేటప్పుడు, ఆ సర్వర్‌కు కూడా ఒక నకలు పంపాలా అని అడుగుతుంది. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు లేకుండానే పోతుంది. పంపమనే చెప్పండి. వాళ్ల ఇంటి చెత్త వాళ్లు ఊడ్చుకుంటే మనకు సగం పని తప్పుతుంది.

వినకపోతే మొత్తం సర్వర్‌నే లిమిట్ చేయొచ్చు, లేదా పూర్తిగా సస్పెండ్ చేయొచ్చు. ఇక్కడే నేను చేసిన పెద్ద పొరపాటు. ఒక సర్వర్ నుంచి ముగ్గురు మనుషులు మా దగ్గరి ఒక అమ్మాయి వెంటపడ్డారు. నాకు ఒళ్లు మండింది. రాత్రి పదకొండుకు, మా నియమం నేనే తప్పి, ఆ సర్వర్ మొత్తాన్ని సస్పెండ్ కొట్టాను. పొద్దున మేనల్లుడి ఫోన్: "అత్తమ్మా, ఏం చేసినవ్? మనోళ్లు నలభై మంది అక్కడోళ్లను ఫాలో అయితుండ్రు, అన్నీ తెగిపోయినయ్." వెంటనే వెనక్కి తీశాను. సస్పెన్షన్ పోయింది గానీ తెగిన ఫాలోలు తిరిగి అతకలేదు. ఒక్కొక్కరికీ మళ్లీ ఫాలో కొట్టుకోమని చెప్పుకున్నాను. ఆ ముగ్గురి ఖాతాలను విడిగా సస్పెండ్ చేస్తే సరిపోయేది.

అందుకని, ముందు మనుషులు, తర్వాత సర్వర్ లిమిట్, ఆ తర్వాతే సస్పెండ్. అక్కడి నడిపేవాళ్లే విషం చిమ్మేవాళ్లయితే మాత్రం తటపటాయించొద్దు. వేరేవాళ్లు తయారుచేసిన బ్లాక్ జాబితాలు ఫైలుగా దొరుకుతాయి, మాస్టడాన్‌లోకి నేరుగా ఎక్కించుకోవచ్చు కూడా. మొత్తం కళ్లు మూసుకుని ఎక్కించకండి. జాబితాలో ప్రతి సర్వర్ పక్కనా కారణం రాసి ఉందో లేదో చూసి, మీకు అర్థమైనవే తీసుకోండి.

తెలుగులో ఫిల్టర్ పెట్టడం ఒక కళ

మాస్టడాన్‌లో ఎవరికి వాళ్లు మాటల ఫిల్టర్ పెట్టుకోవచ్చు. ఆ మాట ఉన్న పోస్టు వాళ్లకు కనిపించదు. "పూర్తి పదం" అని ఒక టిక్కు ఉంటుంది. ఇంగ్లిష్‌కు అది బాగుంటుంది. మన మాటలకు లు, ని, కి, తో అని తోకలు అతుక్కుంటాయి కాబట్టి, ఆ టిక్కు ఉంటే సగం తిట్లు తప్పించుకుంటాయి.

సరే అని టిక్కు తీసేసి నేను "పంది" అని పెట్టాను. రెండు రోజులు నాకు సర్వర్ బోసిపోయినట్టు అనిపించింది. తర్వాత వెలిగింది. "కలెక్టర్ స్పందించారు" అన్న పోస్టులన్నీ దాగిపోయాయి. స్పందించడంలో పంది ఉంది! పెళ్లి పందిరి ఫొటోలు కూడా పోయాయి. కాబట్టి పొట్టి మాటలు ఫిల్టర్‌లో పెట్టకండి. తిట్టు మొత్తం, గాడు, ముండ లాంటి తోకలతో సహా పెట్టండి. రోమన్ అక్షరాల్లో రాసే రూపాలు విడిగా చేర్చండి, ఒక్కో తిట్టుకు మూడు నాలుగు స్పెల్లింగులు ఉంటాయి. ఈ పనికి మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లల కంటే మంచి నిపుణులు దొరకరు. మొదట దాచెయ్యకుండా "హెచ్చరికతో చూపు" అన్నదే ఎంచుకుని వారం రోజులు గమనించండి.

వదంతులకు చీటీ అంటించడం

మా ప్రాంతానికి వదంతి అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో దొంగ వీడియోలు తిరిగినప్పుడు, జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపి, పాటలతో, డప్పుతో జనానికి చెప్పించారు. ఎవరి ఫోన్లోంచీ ఏదీ తీసెయ్యలేదు. పక్కన నిలబడి "ఇది అబద్ధం" అని చెప్పడమే. ఆ పని చేసే సాధనం ఇప్పుడు ట్విట్టర్ లాంటిదే ఇంకొకటైన బ్లూస్కైలో ఉంది.

బ్లూస్కై వాళ్లు 2024 మార్చిలో ఓజోన్ అనే సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఇచ్చేశారు. దాన్ని మన సర్వర్ మీద నడిపితే మనం "లేబులర్" అవుతాం. అంటే పోస్టులకు, ఖాతాలకు చీటీలు అంటిస్తాం. మన చీటీలు కావాలనుకున్నవాళ్లకే కనిపిస్తాయి. ఆ చీటీ ఉన్న పోస్టును దాచాలా, హెచ్చరిక చూపాలా, ఊరుకోవాలా అన్నది కూడా వాళ్లే ఎంచుకుంటారు. ఒక్కొక్కరు ఇరవై లేబులర్ల దాకా పెట్టుకోవచ్చు. మనం దేన్నీ తీసెయ్యలేం. అదే నాకు నచ్చింది.

మేనల్లుడు, టీచరమ్మ కలిసి నడుపుతున్నారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవి: సొంత ఖాతాను లేబులర్ చేయకండి, కొత్త ఖాతా తెరవండి. చీటీ అసలు గుర్తు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి గానీ, జనానికి కనిపించే పేరు, వివరణ తెలుగులో రాయొచ్చు. చీటీలు తక్కువ పెట్టండి. మేం పన్నెండుతో మొదలుపెట్టి మూడుకు దిగాం: "పాత ఫొటో", "పైసల మోసం", "ఆధారం లేదు". వీటిలో "పాత ఫొటో" ఒక్కటే రోజూ పని చేస్తుంది. కృష్ణకు వరద వస్తే చాలు, నాగార్జునసాగర్ 26 గేట్లు ఎత్తిన ఏనాటిదో వీడియో "ఇప్పుడే, డ్యాంకు ప్రమాదం" అని తిరుగుతుంది. 2009 అక్టోబర్‌లో ఆలంపూర్ మునిగినప్పటి ఫొటోలు కూడా ఏటా బయటికొస్తాయి. చీటీ అంటించే ముందు అసలు ఫొటో ఎప్పటిదో దొరికిందా, దొరకలేదా? దొరక్కపోతే "పాత ఫొటో" అనొద్దు. పొరపాటైతే చీటీ వెనక్కి తీసుకోవచ్చు, తీసుకున్నట్టు పోస్టు పెట్టి చెప్పండి.

చట్టం సంగతి కొంచెం

2000 నాటి ఐటీ చట్టం, 2021 నాటి నిబంధనల ప్రకారం, వేరేవాళ్ల రాతలకు చోటిచ్చేవాళ్లు ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, సంప్రదించే దారి బయటపెట్టాలి. మేం చిన్నవాళ్లమే, అయినా నా పేరు పెట్టాం. జవాబు ఇవ్వాల్సిన గడువులు సవరణల్లో మారుతుంటాయి, తాజా నిబంధనలు తెలిసిన వకీలును ఒక గంట అడిగితే మంచిది.

అప్పీలు

మన సభ్యుడి మీద చర్య తీసుకుంటే, ఇరవై రోజుల లోపల అప్పీలు చేసుకునే వీలు మాస్టడాన్‌లోనే ఉంది. మా పద్ధతి, బటన్ ఒత్తినవాళ్లు అప్పీలు వినకూడదు.

నేను మొదట చెప్తానన్న కథ ఇది. పుట్టపాక నుంచి ఒక పెద్దాయన "సాలె పుట్టుక పుట్టి మగ్గం ముట్టకుంటే ఎట్ల" అని రాశాడు. హైదరాబాద్ నుంచి ఎవరో అది హిందీ తిట్టు అనుకుని ఫిర్యాదు చేశారు. ఆ వారం మేం ముగ్గురం పెళ్లిళ్లలో ఉన్నాం, మేనల్లుడు ఒక్కడే చూశాడు. వాడు సిటీలో పెరిగిన పిల్లవాడు. తిట్టు అనుకుని పోస్టు తీసేసి హెచ్చరిక పంపాడు. పదిహేడో రోజున అప్పీలు వచ్చింది. ఒకటే లైను: "సాలె అంటే మా కులం, బిడ్డా. తిట్టు కాదు."

అప్పీలు కనగల్ అన్న విన్నాడు, ఒప్పుకున్నాడు. ఆయన ఖాతా మీది మచ్చ పోయింది. కానీ అప్పీలు గెలిచినా తీసేసిన పోస్టు మాత్రం మాస్టడాన్ వెనక్కి ఇవ్వదు. నేనే ఫోన్ చేసి మన్నించమని అడిగి, మళ్లీ రాస్తారా అన్నాను. సాయంత్రానికి రాశాడు, అదే మాట. ఈసారి మగ్గం మీద సగం నేసిన తేలియా రుమాలు ఫొటో కూడా పెట్టాడు. దానికింద మొదటి ప్రశ్న మేనల్లుడిదే, రంగు దేనితో అద్దుతారని.